హెచ్‌టీయాక్సెస్

అపాచీ వెబ్ సర్వర్‌లో ఒక్కో ఫోల్డర్‌కు విడిగా నిబంధనలు పెట్టే చిన్న ఫైలు. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి లినక్స్‌లో మామూలుగా కంటికి కనబడదు. దీంతో ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టవచ్చు. యూజర్ పేర్లు, హ్యాష్ చేసిన పాస్‌వర్డ్‌లు వేరే ఫైల్లో ఉంటాయి; దాన్ని వెబ్ ఫోల్డర్ల బయటే దాచాలి.

పాస్‌వర్డ్ అడగకుండానే ఫోల్డర్ తెరుచుకుంటే ముందు ప్రధాన కాన్ఫిగరేషన్‌లో 'అలౌఓవర్‌రైడ్' సెట్టింగ్ చూడాలి. 2.4 వెర్షన్‌లో దాని డిఫాల్ట్ విలువ 'నన్'. అంటే సర్వర్ ఈ ఫైలును చదవనే చదవదు. 'ఆత్‌కాన్ఫిగ్' అని మార్చి, సర్వర్‌ను రీలోడ్ చేయాలి.

మిగతా చిక్కుల్లో ఎర్రర్ నంబరే సగం దారి చూపుతుంది. పాస్‌వర్డ్ కొట్టాక 500 వస్తే, పాస్‌వర్డ్ ఫైలు పాత్ తప్పయి ఉండవచ్చు. పూర్తి పాత్ ఇవ్వడం మేలు. 403 వస్తే ఫోల్డర్ అనుమతులతో పాటు దాని పైనున్న ప్రతి ఫోల్డర్‌కూ 'ఎక్స్' అనుమతి ఉందో లేదో చూడాలి. చాలామంది మరిచేది ఇదే. నిన్నటిదాకా పనిచేసిన యూజర్‌కు ఇవాళ 401 వస్తుంటే, కొత్త యూజర్‌ను చేర్చే కమాండ్‌లో ఎవరో 'మైనస్ సి' ఆప్షన్ వాడి ఉండవచ్చు. అది పాత పాస్‌వర్డ్ ఫైలును చెరిపేసి కొత్తది రాస్తుంది. ఈ ఎర్రర్లలో ఏది వచ్చినా అసలు కారణం సాధారణంగా ఎర్రర్ లాగ్‌లో దొరుకుతుంది.

ఇలా పాస్‌వర్డ్ అడిగే 'బేసిక్' పద్ధతిలో పాస్‌వర్డ్ బేస్64 రూపంలో వెళ్తుంది, అది ఎన్‌క్రిప్షన్ కాదు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా దీన్ని వాడకూడదు.