తున్నవాయశబ్దవిచారము

కుట్టుపనివానికిఁ దెలుగునాట నేఁడు విరివిగా వినవచ్చు పేళ్ళు దర్జీ, టైలరు అనునవి. మొదటిది పారసీకము, రెండవది యాంగ్లము. ఇవి పరభాషాపదము లగుటచేఁ గుట్టుపనియు విదేశములనుండియే వచ్చినదనియు, మన ప్రాచీనులు కుట్టని వస్త్రములనే యెఱుఁగుదురనియుఁ గొందఱు తలఁచుచున్నారు. పేరు వచ్చినంతమాత్రమునఁ బని వచ్చినదనుట యుక్తము గాదు.

ఋగ్వేదమున (2-32-4) రాకాదేవత తెగని సూదితోఁ గుట్టవలెనను ప్రార్థన కలదు. అందలి క్రియ షివు ధాతుజము. అమరసింహుఁడు శూద్రవర్గమునఁ దంతువాయుని వెంటనే తున్నవాయునిఁ బేర్కొని సౌచికుఁడని పర్యాయము చెప్పెను. మనుస్మృతి (4-214) తున్నవాయుని యన్నము భుజింపరాదని నిషేధించినది. లేని వృత్తికి నిషేధ మేల?

ఇఁక శబ్దవ్యుత్పత్తి. తుద ధాతువుపై క్తప్రత్యయము చేరఁగా 8-2-42 సూత్రముచే నకారాదేశము గలిగి 'తున్నము' సిద్ధించును; గ్రుచ్చఁబడినదని యర్థము. 'వాయ' యనునది వేఞ్ ధాతువునకు 3-2-2 సూత్రముచే నణ్ప్రత్యయము రాఁగా నేర్పడినది. తంతువాయశబ్దమును నిట్టిదే. తంతువులను నేయువాఁడు సాలె. గ్రుచ్చిన దానిని నేయువాఁడు తున్నవాయుఁడు. సూచి శిల్పముగాఁ గలవాఁడు సౌచికుఁడు. ఇచట 4-4-55 సూత్రముచే ఠక్కు.

కుట్టుటను నేఁతయని చెప్పుట యేల యని శంక కలుగవచ్చును. ధాతుపాఠమున వేఞ్, షివు ధాతువులు రెంటికిని దంతుసంతానమే యర్థము. నూలును సాగించుట రెండు పనులకును సమానము. చినిఁగినబట్టకు రఫూ చేయువాని చేతిపనిఁ జూచినచో నీ సామ్యము స్పష్టమగును. సూచి, సూత్రము అను శబ్దములను ఔణాదికులు షివు ధాతువునుండియే సాధించిరి. కావున వైయాకరణుని సూత్రమును, కుట్టువాని దారమును నొకే ధాతువు బిడ్డలు.

పాలీ వినయపిటకమందలి చుల్లవగ్గమున వైశాలిలోని యొక పేద తున్నవాయుని కథ కలదు. అతఁడు భిక్షుసంఘమునకు విహారము గట్టఁదలఁచి, తానే మట్టి త్రొక్కి, యిటుకలు పేర్చి గోడ లేపెను. నేర్పు లేమిచే నది వంకరయై కూలెను. ఇట్లు మూఁడుమాఱులు జరిగెను. కానుకలిచ్చువారికే భిక్షువులు త్రోవ చూపుదురనియు, పేదవానికిఁ జెప్పువారు లేరనియు నతఁడు వాపోయెను. బుద్ధుఁడది విని కట్టడమును గనిపెట్టుటకు భిక్షువును నియమింప ననుజ్ఞ యిచ్చెను. ఒక గ్రంథమున నన్నమునకే దూరమైనవాని గోడు వేఱొక గ్రంథమున నొక నియమమునకుఁ గారణమైనది.

తెలుగున 'కుట్టు' ధాతువు తుద ధాతువువలెనే గ్రుచ్చుటను దెలుపును. తేలు కుట్టును, చెవులు కుట్టుదురు, విస్తళ్ళు కుట్టుదురు, పొరుగువాని కలిమికిఁ గన్ను కుట్టును. సంస్కృతమును దెలుఁగును భిన్నకుటుంబముల భాషలయ్యు నొకే భావమునుండి పేరుపెట్టినవి. తెలంగాణమున నీ వృత్తివారికి మేరవారు, చిప్పోళ్ళు అను పేళ్ళు గలవు. కన్నడమున 'చిప్పిగ', మరాఠీలో 'శింపి' కలవు. ఈ 'శింపి' శిల్పిశబ్దభవము.

పారసీకమున 'దర్జ్' అనఁగా నతుకు. దానిని గూర్చువాఁడు దర్జీ. 1347లో నేర్పడిన బహమనీరాజ్యమును, తరువాతి గోలకొండ సుల్తానులును బారసీకము నాదరింపఁగా నట్టి పదములు తెలుఁగున నెలకొనెను. టైలరుపదము ఫ్రెంచిలోఁ గత్తిరించుట నుండి పుట్టినది. ఒకరు పోటును, ఒకరు సూదిని, ఒకరు శిల్పమును, ఒకరు అతుకును, ఒకరు కత్తెరను బట్టి పేరిడిరి. పని యొక్కటియే. దర్జీశబ్దము పేరునే మార్చినది. పనిని దెచ్చినది గాదు. సూది యంతకుఁ బూర్వమే యీ దేశమునఁ బనిచేయుచుండెను.