‘ఫ్యామిలీ ఏరియా’ – శంషాబాద్ దారిలో కొంత చరిత్ర

ఉద్యోగం మారితే ఇల్లు మారాలి. ఇల్లు మారాలంటే ముందు పిల్లల బడి చూసుకోవాలి. ఈ రెండింటి మధ్య ఎంత చాకిరీ ఉందో, అది ఎవరి నెత్తిన పడుతుందో మన నగర చరిత్రల్లో కనిపించదు. హైదరాబాద్ గురించిన పుస్తకాల్లో నవాబులుంటారు, దేవిడీలుంటారు, వంతెనలుంటాయి. ఏ బస్తీలో బడి ఉందని ఎవరు ఏ ఇంటికి మారారో, మారాక ఆ ఇంట్లో ఆడవాళ్ళ చదువు, ఉద్యోగం ఏమయ్యాయో వాటిలో ఉండదు. ఆ చరిత్రను మనం ఆడవాళ్ళ జీవిత కథల్లోంచి ఏరుకోవాల్సిందే.

ఈ ఏరుకునే పని నాకు అవసరం కొద్దీ మొదలయింది. శంషాబాద్ దగ్గర ఒక కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చింది. వరంగల్ నుంచి మారాలి. పాప మూడో తరగతికి వస్తోంది. ఉద్యోగం నాది కాబట్టి ఇల్లు, బడి వెతకడం కూడా నాదే అన్నారు ఇంట్లో. అంతకుముందు మా ఆయనకు బదిలీ అయినప్పుడు కూడా వెతికింది నేనే. అప్పుడు చెప్పిన కారణం వేరు: ‘ఆయనకు కొత్త ఉద్యోగం, తీరిక ఉండదు’.

తెలుగు ఆడవాళ్ళలో ఉద్యోగరీత్యా ఊరు మారిన కథ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది భండారు అచ్చమాంబ. 1874లో నందిగామలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళయింది. భర్త ఇంజనీరు, ఉద్యోగం మధ్య పరగణాల్లో. ఆమె వెంట తల్లీ, తమ్ముడూ వెళ్ళారు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. నాగపూర్‌లో పెద్ద చదువు చదివాడు, తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు. తెలుగు సాహిత్య చరిత్రలో ఇది తమ్ముడి కథగానే చెప్పుకుంటాం. అక్క ఇంట్లో ఉండి చదువుకున్నాడని ఒక వాక్యం రాసి ముందుకు పోతాం. కానీ బదిలీ తెచ్చిపెట్టిన బడి తమ్ముడికే దొరికింది. అక్కకు దొరికింది తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు. ఆ అక్షరాలతోనే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి స్త్రీల చరిత్రకు తెలుగులో పునాది వేసింది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ‘మంచి బడి దగ్గరున్న ఇల్లు’ ఎవరికి దగ్గర అని అడగాలని నాకు నేర్పింది అచ్చమాంబ జీవితమే.

ఇక హైదరాబాద్. 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ పెట్టారు. పేరులోనే ఉంది, జాగీర్దార్ల కొడుకుల కోసం. ఇప్పటి హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అదే. శంషాబాద్ అనే పేరు కూడా పైగా వంశపు షంసుల్ ఉమ్రాల మీదుగా వచ్చిందే. అలాంటి జాగీరు గ్రామాల పొలాల్లో నాట్లు వేసిన ఆడవాళ్ళ కూతుళ్ళకు ఆ బేగంపేట గేటు ఎంత దూరమో మైళ్ళలో కొలవలేం.

ఆడపిల్లల వైపు నుంచి చూస్తే ముఖ్యమైన సంవత్సరం 1928. మాడపాటి హనుమంతరావు తదితరులు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. నిజాం రాజ్యంలో ఉన్నత పాఠశాల చదువు ఉర్దూలో. తెలుగు బడికి ఇక్కడ గుర్తింపు దొరకక పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. ఒక పిల్ల తన భాషలో పరీక్ష రాయడానికి ఇంకో రాష్ట్రపు విశ్వవిద్యాలయం కావలసి వచ్చింది! ఆ చుట్టుపక్కల నారాయణగూడ, కాచిగూడ, బర్కత్‌పురా తెలుగు కుటుంబాల పేటలుగా గట్టిపడ్డాయి. ఆంధ్ర యువతీ మండలి 1930లలో పుట్టి ఆ వైపే పెరిగింది. పెళ్ళయి నరసాపురం వైపు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇల్లిందల సరస్వతీదేవి ఆ మండలి పనిలో మునిగి, కథలు రాసి, 1982లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. ఒక బడి, ఒక మండలి, నడిచి పోగలిగినంత దూరంలో నలుగురు స్నేహితురాళ్ళు. ఆ రోజుల్లో ‘మంచి ఏరియా’ అంటే ఇదీ. దీన్ని నేను మరీ అందంగా చెప్తున్నానని మీకు అనిపించవచ్చు. పై కులాల, జీతాలొచ్చే ఇళ్ళ ఆడవాళ్ళకే ఆ నడక సాధ్యమైందన్నది నిజమే. కానీ నడక అన్న మాట గుర్తుంచుకోండి, శంషాబాద్ చేరాక దానితో పని పడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక, తండ్రి బదిలీకి పిల్లల చదువు చెడకూడదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 1962లో సెంట్రల్ స్కూళ్ళ పథకం మంజూరైంది. ఇప్పటి కేంద్రీయ విద్యాలయాలు అవే. ఏ ఊరికి పోయినా అదే సిలబస్, అదే యూనిఫాం. 1960లలో బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటి సంస్థలు కాలనీలతో పాటు బడులు కూడా తెచ్చాయి. 1975లో నేషనల్ పోలీస్ అకాడమీ మౌంట్ ఆబూ నుంచి శివరాంపల్లికి వచ్చింది, అక్కడా కేంద్రీయ విద్యాలయం ఉంది. శంషాబాద్ రోడ్డులో ‘కేంద్ర ఉద్యోగుల మంచి బడి’ అంటే చాలాకాలం అదే. ఈ పథకాన్ని నేను తక్కువ చేయను, ఎన్నో ఇళ్ళను అది ఒడ్డున పడేసింది. అయితే దాని ఊహలో బదిలీ అయ్యేది తండ్రి. ఫైళ్ళు సర్దేది ఆయన, సామాను సర్దేది ఆమె. ఆమెకు పాత ఊళ్ళో ఉద్యోగం ఉంటే దానికి ఏ పథకమూ లేదు.

అమెరికాలో డొలొరెస్ హేడెన్ అనే చరిత్రకారిణి 1980లో ఒక వ్యాసం రాసింది. స్త్రీపురుష వివక్ష లేని నగరం ఎలా ఉంటుందన్నది ఆమె ప్రశ్న. ఊరి చివరి కాలనీలన్నీ ఇంట్లో ఒక ఆడమనిషి పూర్తికాలం ఉంటుందన్న లెక్కతో కట్టినవే, అందుకే ఉద్యోగం చేసే తల్లికి అవి పనికిరావు అంటుంది. మన తెలుగువాళ్ళు ఇప్పుడు ఆ కాలనీల్లోనే ఉన్నారు. ఎడిసన్‌లో కానీ, ఫ్రిస్కోలో కానీ ఇల్లు చూసేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ చూస్తారు. ఆ రేటింగులు నోటికొచ్చిన తల్లుల్లో ఎంతోమంది హెచ్-4 వీసా మీద వెళ్ళినవాళ్ళు. 2015 మే నెల దాకా వాళ్ళు అక్కడ ఉద్యోగం చేయడానికే వీల్లేదు. ఆ తర్వాతా కొందరికే అనుమతి. ఎంటెక్ చదివిన మనిషి బడి బస్సు కోసం వాకిట్లో నిలబడటాన్ని మనం ‘పిల్లల కోసం’ అంటాం.

మళ్ళీ శంషాబాద్‌కు వస్తాను. ఈ ఊరి ఇప్పటి రూపం వెనక 1908 మూసీ వరద ఉంది. వరద తర్వాత గండిపేట చెరువు (ఉస్మాన్‌సాగర్) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్ళను కాపాడటానికి 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చింది. (తేదీ చూసి నవ్వొచ్చింది. ఆ రోజున ఆడవాళ్ళ కోసం వచ్చిన జీవోల్లో ఇంత కాలం నిలబడినది ఏదైనా ఉందా?) రెండు చెరువుల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. వాటిలో చాలా ఊళ్ళు శంషాబాద్ మండలంలోవే. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. ‘ఇక ఇక్కడ మంచి స్కూళ్ళొస్తాయి మేడం’ అని బ్రోకరు నాకు చెప్పింది దీన్ని బట్టే. మంచినీళ్ళ సంగతి అతను ఎత్తలేదు.

రెండో మలుపు విమానాశ్రయం. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చిలో ప్రారంభం. దాదాపు 5,500 ఎకరాలు. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు పొలాల్లో కొన్ని తరాల ఆడవాళ్ళ పని ఉంది. కలుపు తీయడం, కూరగాయలు తెంపడం, గంప ఎత్తుకుని అంగడికి పోవడం. కానీ పరిహారం పట్టా ఉన్న పేరుకు వస్తుంది, పని చేసిన చేతికి కాదు. హిందూ కుటుంబాల్లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది 2005లో. అంటే విమానాశ్రయానికి రాయి వేసిన సంవత్సరంలోనే! భూసేకరణ మొదలయ్యేనాటికి నలభై దాటిన ఆడబిడ్డకు పుట్టింటి భూమి డబ్బుగా మారి పోవడం చూడటమే మిగిలింది.

ఆ తర్వాత రోడ్లు. 2008 నవంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ ముక్క, 2009 అక్టోబర్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే. బడులు కూడా ఈ రోడ్ల వెంటే వచ్చాయి. 2011లో విమానాశ్రయానికి దగ్గరగా ఆగాఖాన్ అకాడమీ తెరిచారు, నూరెకరాల్లో. ఇంటర్నేషనల్ బాకలారియేట్, హాస్టలు, ఆటస్థలాలు. మరోవైపు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం, బడి మానేసిన దళిత, ఆదివాసీ, వెనకబడిన, మైనారిటీ కుటుంబాల ఆడపిల్లల కోసం. రెండూ హాస్టలు బడులే. ఒకదాన్ని ‘మంచి స్కూలు’ అంటాం, రెండోదాన్ని ‘పథకం’ అంటాం. నాకు ఇళ్ళు చూపించిన ఏ ఒక్కరూ ప్రభుత్వ బడి ఎంత దూరమో చెప్పలేదు, నేను అడిగితే ఆశ్చర్యపోయారు.

ఈ కొత్త రోడ్డు ఎవరి కోసం వేశారో ఒక చిన్న నిబంధన చెప్తుంది. ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, నడిచేవాళ్ళనూ రానివ్వరు. ఈ మండలంలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో ఎక్కువమందికి సొంత వాహనమంటే స్కూటీ. గేటెడ్ కాలనీల్లో వంట చేసి, అంట్లు తోమి వెళ్ళే ఆడవాళ్ళకు అదీ లేదు.

ఇక్కడ 2019 నవంబర్ 27 గురించి రాయకుండా దాటలేను. ‘దిశ’ అని మనం పిలుచుకుంటున్న పశువైద్యురాలు శంషాబాద్‌లో ఉండేది. ఆడపిల్లను చదివించి, ఉద్యోగానికి పంపిన ఇల్లు. బ్రోకర్ల భాషలో ‘మంచి ఫ్యామిలీ’. తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర ఆమె స్కూటీ ఆగిపోయింది. ఆ రాత్రి ఫిర్యాదుకు వెళ్తే, అది ఏ స్టేషన్ పరిధి అని తిప్పారని కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఊరికి ఒక స్టేషను, విమానాశ్రయానికి ఒక స్టేషను. విమానం దిగినవాళ్ళకు ఈ హద్దు కనబడదు. చెల్లెలికి కాకుండా పోలీసులకు ఫోన్ చేసి ఉండాల్సిందని ఒక మంత్రి అన్నారు. డిసెంబర్ 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. రోడ్ల మీద పూలు చల్లారు. ఇది న్యాయం కాదని మహిళా సంఘాలు అప్పుడే అన్నాయి. ఆ ఎదురుకాల్పుల కథను నమ్మలేమని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది.

నాకు ఆ వారంలో రెండు సంగతులు పక్కపక్కన కనిపిస్తాయి. అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మెను కార్మికులు నవంబర్ 25న విరమించినా వాళ్ళను వెంటనే విధుల్లోకి తీసుకోలేదు. 29 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె స్కూటీ మీద వెళ్ళడానికి అదే కారణమని నేననడం లేదు. కానీ ఆ సాయంత్రం ఈ జిల్లాలో బస్సు కోసం నిలబడిన ప్రతి ఆడమనిషికీ ఆ రెండు నెలలేమిటో తెలుసు. రెండోది, డిసెంబర్ 1న ముఖ్యమంత్రి ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వద్దన్నారు. రాత్రి బస్సులు పెంచుతామన్న మాట వస్తుందని ఎదురుచూసినవాళ్ళకు వచ్చిన జవాబు, బస్సులోంచి ఆడ కండక్టరును దించడం.

బస్సు సంగతి పూర్తిగా చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఎగతాళి చేసినవాళ్ళు చాలామంది. ఒక ఆడమనిషి తను చేయగల ఉద్యోగం ఎంత దూరంలో ఉండొచ్చో లెక్క వేసుకునే తీరును ఇంతగా మార్చిన నిర్ణయం ఈ మధ్య ఇంకోటి లేదని నా అభిప్రాయం. విమానాశ్రయానికి పోయే ఏసీ పుష్పక్ బస్సులకు అది వర్తించదు. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రోకు శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక ఆ దారిని పక్కన పెట్టారు. 2023 ఏప్రిల్ నుంచి ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ పొడిగించారు. మా కాలేజీ స్వీపర్ చెప్పేదాకా ఈ సంగతి నాకు ఏ బ్రోకరూ చెప్పలేదు.

ఇక ఆ గేటు మీది బోర్డు: ‘టు లెట్, ఫ్యామిలీస్ ఓన్లీ’. ఫ్యామిలీ అంటే ఎవరు? ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పేరు అడిగారు, ఇంటిపేరు అడిగారు, మాంసం వండుతారా అని అడిగారు. కులం అని అడగరు, ఈ మూడూ కలిపితే అదే వస్తుంది. తర్వాత ‘సార్ ఏం చేస్తారు’ అన్నారు. ఉద్యోగం నాకని చెప్తే, ‘అయితే సార్ వరంగల్‌లోనే ఉంటారా?’ అని గొంతు మారింది. సార్ లేని ఆడమనిషి, పిల్లను వెంటబెట్టుకుని ఉద్యోగానికి వచ్చినా, ఫ్యామిలీ కాదు. నాతో పాటే చేరిన సహోద్యోగిని ముస్లిం, ఒంటరి తల్లి. ఆమెకు పదకొండు ఇళ్ళు కాదన్నారు. ఈ వ్యాసం రాసే నాటికి ఆమె తొమ్మిదేళ్ళ కొడుకును అమ్మమ్మ దగ్గర కర్నూలులో ఉంచి, తాను హాస్టల్లో ఉంటోంది.

మేము ఔటర్ పక్కన కాలనీ వదులుకుని, పాత ఊళ్ళో బస్టాండుకు పది నిమిషాల దూరంలో ఇల్లు తీసుకున్నాం. పాప బడి ఇంకో పది నిమిషాలు, నడకే. గదులు చిన్నవి, పైన నీళ్ళ ట్యాంకు కారుతుంది. వరండా ఉన్న ఆ రెండో వాటా ఖాళీగా ఉందని మొన్న ఇంటామె చెప్పింది. నా సహోద్యోగిని సంగతి ఎత్తితే ‘చూద్దాంలే అమ్మా’ అంది. ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ అడుగుతాను.