కరవదు సరే, ఉరికిస్తదా?

కొల్లాపూర్ దాటాక కారు అద్దం కొంచెం దించండి. వెనక సీట్లో షీబా లేచి కూర్చుంటుంది. జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ముందుకాళ్ల మధ్య మూతి దూర్చుకుని పడుకున్న కుక్క, ఇప్పుడు ముక్కు సందులోంచి బయటపెట్టి గాలిని గుటకలు గుటకలుగా పీలుస్తోంది. రోడ్డుకి రెండు పక్కలా మామిడితోటలు. కాయ ఇంకా పచ్చిదే. సోమశిలకి పది కిలోమీటర్లు కూడా లేదు.

ఇది మీ కుక్క అని మీకింకా నమ్మకం కుదరలేదు. దానికీ కుదరలేదు. పొద్దున హైదరాబాద్‌లో, ఆశ్రయ కేంద్రం జాలీల వెనక మిగతావన్నీ మొరుగుతూ పైపైకి ఎగురుతుంటే, ఈ జర్మన్ షెపర్డ్ మాత్రం చప్పుడు లేకుండా జాలీ వెంబడే ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతోంది. ఎందుకు వదిలేశారో ఫైల్లో ఒక్క ముక్కలో రాసుంది: పిల్లల వెంటపడి మడమలు పడుతోంది. అపార్టుమెంటులో నాలుగో అంతస్తు. కిందికి దించి ఆడించేవాళ్లు లేరు.

అక్కడి అమ్మాయి పెళ్లిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగింది. ఇల్లు సొంతమా? పగలు ఎవరుంటారు? చిన్నపిల్లలున్నారా? తోటలో కట్టేసి వదిలేస్తారా, ఇంట్లోకి రానిస్తారా? చివరికి టీకాల కార్డు చేతిలో పెట్టింది. రేబిస్, డిస్టెంపర్, పార్వో అన్నీ వేశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ అయింది. సాకలేకపోతే ఇక్కడికే తిరిగి తేవాలి తప్ప ఎవరికీ ఇవ్వకూడదని సంతకం. పెంపుడు జంతువుని వీధిపాలు చేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. అయినా అర్ధరాత్రి గేటుకి కట్టేసి పోయేవాళ్లు పోతూనే ఉంటారు. 1992లో అమల అక్కినేని బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. కుక్కని కొనక్కర్లేదు, ఆశ్రయం నుంచి తెచ్చుకోవచ్చని అలాంటి సంస్థలు అప్పట్నుంచి చెబుతూనే ఉన్నాయి. ఖరీదైన జాతికుక్కలు కూడా ఆ జాలీల వెనకే దొరుకుతున్నాయి మరి.

కారు సోమశిలలో లలితా సోమేశ్వరాలయం దగ్గర ఆగింది. శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగినప్పుడు ఈ గుళ్లను తెచ్చి గట్టు మీద నిలబెట్టారు. ఎండాకాలం కదా, కృష్ణ చాలా దూరం జరిగిపోయింది. నిండు మట్టం 885 అడుగులు. అక్కడి నుంచి నీళ్లు దిగిపోయేకొద్దీ వెనక ఒండ్రు నేల బయటపడి, ఆ తడికి పచ్చిక మొలుస్తుంది. రేవులో పడవవాళ్లు సంగమేశ్వరం, సంగమేశ్వరం అని కేకలేస్తున్నారు. వేసవిలో నీళ్లలోంచి తేలే ఆ గుడి ఇప్పుడు వాళ్లకి నాలుగు డబ్బులు.

షీబాకి గుడీ పట్టలేదు, పడవలూ పట్టలేదు. చెవులు రెండూ ఒండ్రు నేల వైపు నిలబెట్టింది.

అటు నుంచి మంద వస్తోంది. ముందు దుమ్ము, తర్వాత గొంతులు, ఆ వెనక వాసన. నల్లవీ ఎర్రవీ కలిసి రెండు వందల దాకా ఉంటాయి. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు తేలాయి. దేశంలో ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. కానీ మీ కుక్క పుట్టి బుద్ధెరిగాక గొర్రెని చూడటం ఇదే మొదలు. పగ్గం బిగుసుకుంది. గుంజడం లేదు, మొరగడం లేదు. తల కొంచెం దించి, పగ్గం ఎంత సాగితే అంత దూరంలో, మంద అంచుకి సమానంగా నడుస్తోంది. కొసకి వెళ్లి తిరిగింది. మళ్లీ నడిచింది. పొద్దున జాలీ వెంబడి తిరిగిన నడకే ఇది.

పంచె ఎగ్గట్టి, భుజాన గొంగడి, చేతిలో కొడవలి కట్టిన పొడుగాటి కర్రతో పెద్దాయన అక్కడి నుంచే కేకేశాడు.

"ఓ సారూ, కుక్కను గట్టిగ పట్టుకో. సూడి గొర్లున్నయ్."

"పట్టుకున్నా తాతా. కరవదు."

"కరవదు సరే, ఉరికిస్తదా? ఉరికిస్తే ఈసుకపోతయ్."

మీ దగ్గర జవాబు లేదు. ఉరికించడమే దీని పుట్టుక. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే జర్మన్ సైనికాధికారి కార్ల్స్‌రూహేలో ఒక కాపరి కుక్కని చూసి, అక్కడికక్కడే కొని, హోరాండ్ అని పేరు పెట్టి, దాని నుంచే ఈ జాతిని పెంచాడు. కంచెలు లేని పైర్ల మధ్య సన్నటి పచ్చిక పట్టీలో గొర్రెలు మేస్తుంటే, పైరు అంచున పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూ, గీత దాటిన జీవాన్ని లోపలికి తరమడం ఆ కుక్కల ఉద్యోగం. తోడేలు వేటలో చూడటం, చుట్టుముట్టడం, తరమడం, చంపడం ఉంటాయి. మనిషి ఎంచి ఎంచి పిల్లల్ని తీసి, మొదటి మూడూ ఉంచి చివరిదాన్ని మొద్దుబార్చాడు. నాలుగో అంతస్తులో గొర్రెలు ఎక్కడివి? కారిడార్లో పరుగెత్తే పిల్లలే మంద. ఫైల్లో తప్పని రాసింది దాని పనితనం. ఇంత తెలివైన కుక్కని రంగూ ఠీవీ చూసి కొని బాల్కనీలో పెట్టేవాళ్లంటే నాకు మహా కోపం.

అలాగని దాన్ని మందలో వదిలేస్తే సరిపోతుందనుకోకండి. నేర్పు లేని కాపరి కుక్క గొర్రెలకి తోడేలు కిందే లెక్క.

పెద్దాయన కుక్కలు మూడు, మంద నడుమ నుంచి లేచి వచ్చి మీకూ గొర్రెలకీ మధ్య నిలబడ్డాయి. మామూలు ఊరకుక్కలే, ఒకదానికి చెవి సగం లేదు. మెడ మీద వెంట్రుకలు లేచాయి. కళ్లలోకి చూడకండి. పక్కకి తిరిగి, పగ్గం కొంచెం వదులు చేసి, షీబాని మీ కాలి వారకి తెచ్చుకోండి. సగంచెవిది గుర్రుమంది, వాసన చూసింది, ఇంకోసారి గుర్రుమని వెనక్కి తగ్గింది.

"నా కుక్కలు గొర్లను మల్పయ్ సారూ. మల్పేది నేను." ఆయన నాలుక అంగిట కొట్టి చప్పుడు చేశాడు, ముందున్న పొట్టేలు తిరిగింది, వెనక రెండు వందలూ తిరిగాయి. "అవి రాత్రి కాస్తయ్. తోడేలొచ్చినా దొంగొచ్చినా."

మందని మళ్లించే కుక్క తెలుగునేల మీద లేకపోలేదు. కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందల్ని తోలిన జోనంగి జాగిలం ఉంది. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు. సరిగా మొరగదు కూడా, ఒక రకంగా కూస్తుంది. పొలాలు చేపల చెరువులయ్యాక బాతులు పోయాయి, దానికి పని పోయింది. ఆకలికి చెరువులో చేప పట్టింది కాబట్టి దొంగయింది. చంపేశారు. పని పోయిన కుక్కకి పల్లె కూడా దయ చూపదు, నగరాన్నొక్కదాన్నే తిట్టి లాభం లేదు.

ఆయన షీబా చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక కాళ్లు చూశాడు, పళ్లు చూడబోయి మానుకున్నాడు.

"మంచిగుంది. ఈనితే నాకొక పిల్లనియ్యి."

"ఈనదు తాతా, ఆపరేషన్ చేసిన్రు."

"అయ్యో!" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "ఇంకెందుకు తెచ్చినవ్?"

తోటకి కాపలా అని మీ నోట వచ్చింది కానీ ఆయన నవ్వు చూస్తే నమ్మినట్టు లేదు. ఈలోగా షీబా చెవి వెనక గోకుతున్నాడు. అది మాత్రం మందనే చూస్తూ, ఒళ్లు ఆయన మోకాలికి ఆనించింది. పొద్దుట్నుంచి అది ఎవరినైనా తనంతట తాను తాకడం ఇదే. మీకు కొంచెం అసూయ కలిగే ఉంటుంది.

"తోట ఏడుంది?"

చెప్పారు.

"రెండు రాత్రులు మంద పెడతా నీ తోటల. చెట్లకు ఎరువైతది. గా దిక్కు గేటుకాడ దీన్ని కట్టెయ్యి, గొర్లకు దీని వాసన అలవాటైతది, దీనికీ గొర్లు అలవాటైతయ్. ఇడవకు మరి. ఎంతిస్తవో చెప్పు, రాత్రికి."