మూడో అచ్చమాంబ

మన చరిత్రలో నాకు తెలిసి ముగ్గురు అచ్చమాంబలున్నారు. భండారు అచ్చమాంబ కథలూ, స్త్రీల చరిత్రా రాసింది. ప్లేగు రోగులకు సేవ చేస్తూ 1905లో అదే జబ్బుతో చనిపోయింది. ఆమె పేరు పెట్టిన మేనకోడలు కొమర్రాజు అచ్చమాంబ డాక్టరయింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయింది. మూడో అచ్చమాంబ తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో తిరుగుతూ వైద్యం నేర్చుకుంది. పీహెచ్‌డీ రోజుల్లో నేను రాసుకున్న నోట్సులో ఆమెకు ఇంటిపేరు కూడా లేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె గొంతు ఉంది. జ్ఞాపకం, మౌనం, కథనం అంటూ ఆ పుస్తకం మీద పేజీలు నింపాను. ఇంజెక్షన్లు ఇచ్చిన ఆ చేతుల గురించి ఒక్క వాక్యం రాయలేదు.

బల్కంపేటలో మా కింది వాటాలో ఉండే అక్క ఒక ఆస్పత్రిలో ఆయా. మా అమ్మ కాలి పుండుకి రోజూ కట్టు మార్చింది ఆమే. ఎవరు నేర్పారక్కా అంటే, “ఎవరు నేర్పుతరమ్మా, చూస్త చూస్త వచ్చింది. సర్టిఫికెట్ లేదు గద, ఇరవై ఏండ్ల సంది ఆయానే” అంది. మళ్లీ ఆ పుస్తకం తీశాను.

1948 సెప్టెంబరు దాకా నిజాం పోలీసులు, రజాకార్లు. తర్వాత 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా యూనియన్ సైన్యం. తూటా తగిలి ఆస్పత్రికి పోతే దొరికిపోయినట్టే. అందుకే వైద్యం అడవిలోకి వెళ్లింది. సరిగ్గా ఆ మధ్యలోనే, 1949 ఆగస్టు 12న, జెనీవా ఒప్పందాలు కుదిరాయి. దేశం లోపలి సాయుధ ఘర్షణలోనైనా గాయపడినవాళ్లను, జబ్బుపడినవాళ్లను చేరదీసి చికిత్స చేయాలని వాటి మూడో అధికరణం చెప్పింది. 1950లో భారతదేశం వాటిని ఆమోదించింది. ఆ కాగితం అడవికి చేరి ఉండదు. కాగితం కోసం ఆగకుండా గాయాలు కడిగిన స్త్రీలు అక్కడున్నారు.

అలాగని గొప్పగా చెప్పి ఊరుకోలేను. అదే పుస్తకంలో కమలమ్మ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చింది. గాయం ఉద్యమం సమస్య అయింది, బిడ్డ మాత్రం తల్లి సమస్యగానే మిగిలింది. వైద్యం నేర్చిన స్త్రీకి దళంలో గౌరవం దక్కింది సరే, సేవ ఆడవాళ్ల పని అన్న మాట మారిందా?

సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నన్ను బ్యాంకులో ‘డాక్టర్ గారూ’ అంటారు. కట్టు కట్టే అక్కను ‘ఆయా’ అంటారు. ఆరేళ్లుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నా, ఆమె పేరు మొన్ననే అడిగాను. నవ్వి చెప్పింది. ఇందులో మాత్రం రాయొద్దంది, ఉద్యోగం పోతుందని. దళాల్లో మారుపేర్లు ఎందుకు పెట్టుకున్నారో పుస్తకాల్లో చదివాను. ఆ భయం ఎలా ఉంటుందో మా మెట్ల మీద తెలిసింది.