శఠారి కింద తల

గగన్‌పహాడ్ దగ్గర హైవే పక్కన నిలబడితే పక్కవాళ్ల మాట వినపడదు. ఆరాంఘర్ వైపు నుంచి లారీలు, ఎయిర్‌పోర్టుకు ఉరికే క్యాబులు, రోడ్డుకు రెండు పక్కలా గోడౌన్లు. బస్సెక్కి శంషాబాద్‌లో దిగండి. అక్కణ్ణుంచి నర్కుడ వైపు ఆటో. కాసేపటికే పొలాల మధ్య ఏడంతస్తుల గోపురం లేస్తుంది. అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి. 13వ శతాబ్దం నాటిదంటారు. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే మీ తప్పు కాదు, సినిమావాళ్లు ఈ గోపురాన్నీ ఈ కోనేటినీ ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్కలేదు.

చెప్పులు విడిచి లోపలికి నడవండి. బండల వేడి మండపం దాటేదాకానే. గర్భగుడిలో నల్లరాతి రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు. హనుమంతుడు లోపల లేడు, ధ్వజస్తంభం దగ్గర స్వామికి ఎదురుగా ఉన్నాడు. అంతటి భక్తుడే బయటుంటే మనల్ని గడపదాకా రానిచ్చారు. అదే ఎక్కువ.

మీ ముందు ఒక ముసలమ్మ. చేతిలో కొబ్బరిచిప్ప, పెదవులు కదలడం లేదు.

“ఏం మొక్కుకున్నవ్ అవ్వా?”

“ఏం మొక్కాలె బిడ్డా? ఆయనకెరుక లేదా?”

మనం ప్రయత్నించాలా, ఆయనే చూసుకుంటాడా అని శ్రీవైష్ణవులు శతాబ్దాలు వాదించుకున్నారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకోవాలి. పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. జీవుడు ఏ పిల్ల? వాళ్లలో వడగలై శాఖ వారిది మర్కట (కోతి) న్యాయం, తెంగలై శాఖ వారిది మార్జాల (పిల్లి) న్యాయం. అవ్వ ఏ పక్షమో ఆమెకు తెలియదు. నాకు మాత్రం ఆమె మాటతో వాదం తేలిపోయినట్టే ఉంది.

తీర్థం వస్తుంది. తులసి, పచ్చకర్పూరం, చల్లగా గొంతు దిగుతుంది. తరవాత శఠారి. అయ్యగారి చేతిలో బోర్లించిన గిన్నెలా ఉంటుంది, పైన స్వామి పాదాలు. తల వంచగానే లోహపు అంచు పాపిట మీద ఆనుతుంది. బరువు తెలిసేలోపే లేచిపోతుంది. పాదాల దగ్గరికి మీరు వెళ్లలేదు, అవే మీ తల మీదికి వచ్చాయి.

శఠారి మీది ఆ పాదుకలంటే శఠకోపుడే, అంటే నమ్మాళ్వారనే వైష్ణవ భక్తకవే. ఆయన సన్నిధిలో పెట్టే పాదుకలను రామానుజమంటారు. ఆచార్యుడు రామానుజుల సన్నిధిలో అవి ఆయన శిష్యుడు ముదలియాండాన్. ఒకరు ఇంకొకరికి పాదాలైపోయిన వరస ఇది. ఇదే శంషాబాద్ పక్కన ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని తలెత్తి చూడాలి. అంత ఎత్తున కూర్చోబెట్టినా ఆయన రెండు చేతులూ జోడించే ఉన్నాయి. నాకైతే తల దించే ఈ గుడే దగ్గర.

ఇంకా వంగే ఉన్నారా? అవ్వ మోచేత్తో పొడుస్తుంది.

“జరుగు బిడ్డా, ఎనక లైనుంది.”