మూసీ తుగ్యానీ – తవక్కుల్ అన్న మాట

కష్టం వచ్చినప్పుడు "అల్లాహ్ ఉన్నాడులే" అని అనుకోని ఇల్లు మనలో ఉండదు. తన వ్యవహారమంతా దేవునికి అప్పగించి నిబ్బరంగా ఉండటాన్ని పెద్దలు తవక్కుల్ అన్నారు. నోటితో అన్నంత తేలికగా ఈ మాట మనసుకు పట్టదని మా అభిప్రాయం. దీని మీద ఉపన్యాసం చెప్పడానికి మేము ఆలిములము కాము, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అందుచేత మన హైదరాబాదులో జరిగిన ఒక సంగతిని సొసైటీ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచుతున్నాము. ఉర్దూలో దీనిని గురించి చాలానే ఉన్నది. కానీ మన ఇళ్ళలో ఉర్దూ చదవగల పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక తెలుగులో రాయవలసి వచ్చింది.

హిజ్రీ 1326వ సంవత్సరం. రంజాన్ మాసం అప్పుడే అడుగుపెట్టింది. ఇంగ్లీషు లెక్కన 1908 సెప్టెంబరు చివరి రోజులు. అనంతగిరి కొండల నుండి వచ్చే మూసీ మామూలు రోజుల్లో పిల్లలు కూడా దాటగలిగిన నది. ఆ రోజుల్లో వాన ఆగకుండా కురిసింది. ఎగువన చెరువులు నిండి, ఒకదాని నీరు మరొకదాని మీద పడి, వరుసగా తెగిపోయాయి. అలా తెగిన చెరువులు 221 అని తర్వాత లెక్క తేలింది. 28వ తేదీ తెల్లవారుజాముకు ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా పట్నం మీదికి వచ్చాయి. అఫ్జల్‌గంజ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన నిలవలేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం దెబ్బతిని కూడా నిలబడింది. చనిపోయినవారు సుమారు 15,000 మంది అని అంచనా. ఇల్లు లేకుండా పోయినవారు ఎనభై వేల దాకా ఉంటారు. దీనినే మన పెద్దలు 'తుగ్యానీ' అనేవారు. పాతబస్తీ ముసలివాళ్ళు చాలాకాలం ఏ సంగతినైనా "తుగ్యానీకి ముందు, తుగ్యానీకి తర్వాత" అనే చెప్పుకునేవారు.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ రాజభవనాల తలుపులు తెరిపించాడు. నిరాశ్రయులకు వంటశాలలు నడిపించాడు. నది శాంతించాలని పండితుల సలహా మీద మూసీకి పూజ కూడా చేశాడని జనం నేటికీ చెప్పుకుంటారు. మీరామ్ మొహల్లా, రామ్ మొహల్లా అని వరద చూడలేదు కదా, అన్నం పెట్టిన చేతులూ చూడలేదు.

ఈ కథలో అందరికీ తెలిసిన ఘట్టం చింతచెట్టుది. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న చోట నది ఒడ్డున ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. కొట్టుకుపోతున్నవారు ఎలాగో దాని కొమ్మలు పట్టుకున్నారు. కింద నీరు సుడులు తిరుగుతుంటే, ఆకలితో, తడిసిన బట్టలతో అక్కడే గడిపి 150 మంది దాకా ప్రాణాలతో బయటపడ్డారు. మన జల్సాలలో వక్తలు ఈ చెట్టును చూపి "చూశారా, నమ్మినవాణ్ణి అల్లాహ్ ఎలా కాపాడతాడో" అంటూ ఉంటారు. నిజమే, కాపాడినవాడు ఆయనే. ఒకసారి మేము క్లాసులో ఇదే చెబుతుంటే వెనుక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, మరి చెట్టు దొరకనివాళ్ళు దుఆ చేయలేదా?" అన్నాడు.

పిల్లవాడే గాని అడిగింది చిన్న ప్రశ్న కాదు. పదిహేను వేల మందిలో సహరీకి లేచినవారు ఉండరా? నమాజుకు నిలబడినవారు ఉండరా? చెట్టు ఎక్కినవారంతా పుణ్యాత్ములు, మునిగినవారంతా పాపులు అని ఎవరైనా అంటే ఆ మాట మేము ఒప్పుకోము. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నీట మునిగి చనిపోయిన విశ్వాసిని షహీదుల లెక్కలో చేర్చారు. చావును దేవుని కోపానికి గుర్తుగా చూసేవారు ఈ హదీసును మరిచిపోతున్నారు.

ఆ పిల్లవానికి మేము జవాబుగా ఒక మనిషి కథ చెప్పాము. సయ్యద్ అమ్జద్ హుసేన్ అని అప్పటికి యువకుడు, జామియా నిజామియాలో చదివినవాడు. ఆ వరదలో అతని తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కళ్ళెదుటే కొట్టుకుపోయారు. అతను ఒక్కడే మిగిలాడు. అతనికి ఇంక దేవుని మాట ఎత్తవలసిన అవసరం ఏమున్నది? నోరు మూసుకుని బతికినా, లోకాన్ని తిట్టుకుంటూ బతికినా అడిగేవారు లేరు. కానీ అతను కలం పట్టాడు. ఆ రాత్రి మీద 'ఖయామతె సుగ్రా' అనే నజ్మ్ రాశాడు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. తన దుఃఖాన్ని అందులో దాచుకోలేదు. తర్వాత రుబాయీలు రాసి, ఉర్దూ లోకంలో అమ్జద్ హైదరాబాదీగా పేరు పొందాడు. జనం 'హకీముష్షుఅరా' అన్నారు. ఆ రుబాయీలలో మనిషి నిస్సహాయత, దేవుని దయ పదే పదే వస్తాయి. ఒడ్డున కూర్చున్నవాడు చెప్పిన నీతులు కావు కనుకనే అవి మనసుకు తగులుతాయి. నన్ను కాపాడితేనే నమ్ముతాను అనడం బేరం అవుతుంది గాని తవక్కుల్ కాదు. అమ్జద్ సాహెబు బేరం ఆడలేదు. ఏడ్చాడు, అయినా నమ్మాడు. యూసుఫ్ కోసం కళ్ళు పోయేలా ఏడ్చిన యాఖూబ్ అలైహిస్సలాం కూడా సబర్ చేసినవారే కదా.

ఇక రెండో సంగతి. ఒంటెను వదిలిపెట్టి అల్లాహ్‌ను నమ్ముకోనా, కట్టి నమ్ముకోనా అని ఒకతను అడిగితే, ముందు కట్టు, ఆ తర్వాత నమ్ము అని ప్రవక్త సెలవిచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. హైదరాబాదు తన ఒంటెను కట్టడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. మైసూరు ప్రాంతపు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఐరోపా యాత్రలో ఉండగా నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909లో ఆయన వచ్చి, వాన లెక్కలు, చెరువుల లెక్కలు తీసి, పట్నానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని చెప్పారు. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కాలం చేశాడు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పని కొనసాగించాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నీటిని ఆపడానికి కట్టినవే పట్నానికి మంచినీళ్ళు కూడా ఇచ్చాయి.

కట్టిన తాడు ఎల్లకాలం ఉండదు, చూసుకుంటూ ఉండాలి. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబా నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మన పిల్లలు పడవల మీద, నడుములోతు నీళ్ళలో ముసలివాళ్ళను మోసుకొచ్చారు. అది చూసి సంతోషించాము. కానీ చెరువు దారిలో ఇళ్ళు లేచేటప్పుడు మనలో ఎవరమూ నోరు విప్పలేదన్నది కూడా గుర్తుకు వచ్చింది. దుఆకు లేచిన చేతులే పార పట్టడానికీ, అర్జీ రాయడానికీ లేవాలి.

అమ్జద్ సాహెబు 1961 వరకు జీవించాడు. తనవారిని తీసుకుపోయిన నదికి కట్ట వేయడం, ఆ నీళ్ళే ఇళ్ళ కొళాయిలలోకి రావడం రెండూ చూశాడు. చింతచెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోనే ఉన్నది. ఈసారి ఎవరినైనా పరామర్శించడానికి అటు వెళితే, పిల్లలను నదివైపు తోటలోకి తీసుకువెళ్ళి ఆ చెట్టు చూపించండి. అమ్జద్ సాహెబు సంగతి కూడా అక్కడే చెప్పండి.