వంటింట్లో కనబడే మొదటి గుర్తులు

అల్జీమర్స్ వ్యాధికి డాక్టరు పేరు మిగిలింది. ఆ వ్యాధిని ఆయన మొదట చూసింది ఒక గృహిణిలో. ఆమె పేరు ఆగుస్టె డేటర్. 1901 నవంబరులో, 51 ఏళ్ల వయసులో, ఆమెను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేర్చారు. అలాయిస్ అల్జీమర్ ఆమెను అడిగిన ప్రశ్నలూ, ఆమె చెప్పిన జవాబులూ రాసిపెట్టుకున్నాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. ఎక్కడో మరుగునపడిన ఆమె కేసు ఫైలు 1995లో మళ్లీ దొరికింది.

ఆ వివరాలు చదువుతుంటే నన్ను పట్టుకున్నవి ఇంటి సంగతులు. మొదట భర్త మీద అనుమానం. తర్వాత మరుపు, వంటలో తప్పులు, ఇంట్లోనే ఊరికే తిరగడం. పేరు రాయమంటే 'శ్రీమతి' అని రాసి ఆగిపోయింది. మిగతాది మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మలోనూ గుర్తులు వంటింట్లోనే మొదలయ్యాయి. నలభై ఏళ్లు చేతి కొలతతో ఆవకాయ కలిపిన మనిషి, ఉప్పెంత వెయ్యాలని పక్కింటావిడను అడిగింది. పాలవాడికి ఒకే నెలలో రెండుసార్లు డబ్బిచ్చింది. గాజులు తనే బియ్యం డబ్బాలో దాచి, పనమ్మాయి తీసిందంది. బంధువులు చాదస్తమన్నారు, తమ్ముడు వయసన్నాడు. నాన్న ఏళ్ల తరబడి కళ్లజోడు మరిచిపోతే వెతికిపెట్టింది అమ్మే. ఆ మరుపును ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మ మరుపు మాత్రం కంచంలో కూర రుచి మారాకే అందరి కంటా పడింది. ఆడవాళ్ల మెదడును కూడా మనం చాకిరీతోనే కొలుస్తున్నాం.

ఒక పూట ఉప్పు మరిస్తే జబ్బు కాదు. నిన్నటిదాకా చేతనైన పని నెల నెలా చేజారుతోందా అన్నదే చూడాలి. అందుకే నేను తేదీలు వేసి నోటుబుక్కులో రాశాను. డాక్టరు అమ్మను వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. మూడో తరగతి దాటని అమ్మ తలొంచుకుంది. చీటీల లెక్కలన్నీ వేళ్ల మీద తేల్చిన మనిషి ఆమె. నా నోటుబుక్కు చూశాకే ఆయనకు తేడా అర్థమైంది. బడి చదువును కొలిచే పరీక్ష చదువురాని వాళ్లకు సరిపోదని గుర్తించి, 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. దేశంలో అరవై దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. అందులోనూ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ.

త్వరగా గుర్తిస్తే జబ్బు నయమైపోదు. కానీ ఆమె మాట ఇంకా ఆమెదిగా ఉన్నప్పుడే అడగొచ్చు. మా ఇల్లు అమ్మ పేరున ఉంది. ఎక్కడుంటావు, ఎవరి దగ్గరుంటావు, ఇల్లేం చెయ్యమంటావు అని అడిగాం. ఆమె చెప్పింది. రాసుకున్నాం.